తిరగేసిన జాకెట్టు

ఆ పరాయి దేశపు ఆర్ట్ గ్యాలరీ మూసే వేళకు, చివరి గదిలో దర్జీపని చేసే ఆవిడా, ఆమె కూతురూ మాత్రమే మిగిలారు. గదినిండా పైకప్పు నుంచి వేలాడుతున్న పాతబట్టలు. అదే కళాఖండమట.

"తలా తోకా లేదేమిటే తల్లీ?"

"అర్థాలు వెతక్కూడదమ్మా. ఊరికే చూడాలంతే."

"గుడ్డని ఊరికే ఎలా చూస్తారే?"

ఏ బట్ట కనిపించినా తిరగేసి లోపలి కుట్టు చూడందే ఆవిడ చేతులు ఊరుకోవు. కూతురు వద్దంటున్నా వినకుండా ఒక ఆకుపచ్చ జాకెట్టు తిరగేసింది.



చంక దగ్గర నాలుగు కుట్లు ఎర్రదారంతో ఉన్నాయి. ఆకుపచ్చ దారం అయిపోతే, ఎవరు చూడొచ్చారులే అని ఆ రోజు తను వేసిన కుట్లే అవి. చనిపోయిన అక్కకు ఆఖరిసారి తొడిగిన జాకెట్టు అది. అక్కతోపాటే చితిమీద కాలిపోవడం కళ్లారా చూసింది.

అవతలి గదుల్లో ఒక్కొక్క దీపమే ఆర్పుతున్న చప్పుడు.

"పదమ్మా, మూసేస్తున్నారు. ఏమైంది?"

ఆవిడ జాకెట్టు వదల్లేదు. వేళ్లకింద ఆ ఎర్రకుట్లు చెమటతో తడిగా ఉన్నాయి. ఎవరో ఇప్పుడే విడిచినట్టు, గుడ్డ ఇంకా వెచ్చగా ఉంది.