చైనా బావ, రష్యా బామ్మర్ది

"చెప్పక్కా నీ పెనిమిటికి! పిల్లనిస్తం గని, పెండ్లి పందిట్ల చైనా ముచ్చటెత్తద్దు."

వీరేశం అక్క వైపు తిరిగి అన్నాడు. అవతలి మంచం మీదే కూర్చున్న బావ నరహరి వంక కన్నెత్తి చూడలేదు.

నరహరి గోడవైపు తిరిగాడు. "శ్యామలా, మీ తమ్మునికి చెప్పు. ఆయన రష్యా రచ్చ ఆపితే నేను చైనా చర్చ ఆపుత."

రెండు మంచాల నడుమ పీట మీద కూర్చుని శ్యామలమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది.

కేతేపల్లికి ఇది కొత్త కాదు. అరవై నాలుగులో ఎర్రజెండా పార్టీ రెండుగా చీలినప్పుడు ఈ ఇల్లూ చీలింది. చైనాది తప్పు కాదన్న బావ ఒకవైపు, రష్యాదే ఒప్పన్న బామ్మర్ది ఇంకోవైపు. "నీతోని మాట్లాడితే ఒట్టు" అని ఇద్దరూ నడిబజార్లో ఒట్టేసుకున్నారు. రాకపోకలు ఆగలేదు, మాటలే ఆగాయి. ఏదున్నా శ్యామలమ్మ మీదుగానే. ఆమె మాత్రం ఎవరి జెండా మోయలేదు, ఎవరికీ దండ వేయలేదు. ఇన్నేళ్లలో ఇటొక మాట, అటొక మాట అనలేదు. ఊళ్లో ఆమెను 'అలీన విధానం' అంటారు. అలిగిన ఇద్దరి మధ్య అలీనం!

ఇవాళ్టి చిక్కు మాత్రం చిక్కుడుకాయంత చిన్నది కాదు. వీరేశం మనవరాలు భాగ్యశ్రీ, నరహరి మనవడు వెంకటేశ్ ఒకరినొకరు కోరుకున్నారు. తాతలిద్దరూ ఇవాళ సరేననకపోతే రేపే మిర్యాలగూడ సంబంధం ఖాయం చేస్తానని పిల్ల తండ్రి తెగేసి చెప్పాడు. గడపలో నిలబడి పిల్లలిద్దరూ గోళ్లు కొరుక్కుంటున్నారు.

"అక్కా, మన సరిహద్దుల కొట్లాడినోళ్లను మెచ్చుకునే ఇంటికి పిల్లనెట్లియ్యాలె?"

"శ్యామలా, గా రష్యా ఇప్పుడు చమురు ఎవలకమ్ముతాంది? చైనాకే! చమురుకు చమురు, చెలిమికి చెలిమి. మీ తమ్ముడు పేపర్ సదువుతలేడా?"

"మనకు గూడ అమ్ముతాంది గదక్కా!"

"గా రష్యోళ్లు, చైనోళ్లు ఎప్పుడో కలిసిన్రు తాతా." భాగ్యశ్రీ గడప దాటి లోపలికొచ్చింది. "మీరు కలువకుంటే నేను మిర్యాలగూడకు పోవాలె."



వీరేశం కండువాతో ముక్కు తుడుచుకున్నాడు. "అక్కా, గాళ్లు మనకు చెప్పకుండనే కలిసిన్రా?"

"నాకు గూడ చెప్పలేదను, శ్యామలా." నరహరి గొంతూ మెత్తబడింది.

"అయితే పిల్లనిస్తున్నమని చెప్పక్కా."

"చేసుకుంటున్నమని చెప్పు."

భాగ్యశ్రీ కొంగుతో ముఖం దాచుకుంది. వెంకటేశ్ సంబరంగా ముందుకొచ్చాడు. "ఇగనన్న మీరిద్దరు సక్కగ మాట్లాడుకోండ్రి తాతా!"

"ఏందిరా?" వీరేశం దిగ్గున లేచాడు. "ఒట్టంటే ఒట్టే! అరవై ఏండ్ల సంది ఈయనతోని ఒక్క ముచ్చట మాట్లాడలే. ఏమన్నా అక్కకే చెప్పిన."

"నేను గూడ శ్యామలకే చెప్పిన!" నరహరి మీసం దువ్వాడు. "సాయంత్రం చాయ్ తాగ రమ్మను, శ్యామలా."

"వస్తనని చెప్పక్కా."

శ్యామలమ్మ తలెత్తింది. అందరి ముఖాలూ ఒక్కసారి చూసి, నవ్వి, మళ్లీ కాయలు తుంచడంలో పడింది.

శ్యామలమ్మకు పుట్టుచెవుడు.