పూడ్చిన బోరు

"ఎవురయ్యా నువ్వు? పైపు పీకేదానికొచ్చినావా?"

మాలకొండమ్మ అరుపుకు, ఎండిన బోరు దగ్గర గొంతుక్కూర్చున్న పెద్దాయన తలెత్తాడు.

"లోతు కొలస్తా ఉండానమ్మా. రెండయినాయి. మూడోది నాలుగొందల అరవై అడుగులు, ఇక్కడే ఉండాల."

నేరుగా పోయి నిమ్మచెట్ల మధ్య నిలబడ్డాడు.

మాలకొండమ్మ గబగబా ఆయన వెనకే వచ్చింది. మొగుడు పోయాక ఆ బోరును చూడలేక, తనే రాళ్లేసి పూడ్చేసింది. దాని సంగతి ఊళ్లో సగం మందికి తెలీదు.

"నీకెవురు చెప్పినారు?"

ఆయన కాలితో ఒక రాయిని పక్కకు నెట్టాడు. "నాలుగోది ఎక్కడ ఏస్తావుండావు?"

"నీళ్లు చూసేటాయన అరిచేతిలో కొబ్బరికాయ నిలబడిన కాడ." పడమటి గట్టున పాతిన గుర్తురాయిని చూపించింది.

"వద్దు తల్లీ. అంతా బండ. శాటిలైట్ ఫోటో వస్తాది, ఆగు."

"ఆకాశంలోంచి భూమిలో నీళ్లు కనపడతాయా? పోయిరా సామీ."

తాగడానికి నీళ్లడిగినా పోయలేదు. దొంగకు మర్యాదలేమిటి?

కానీ ఆ నాలుగొందల అరవై అక్షరాలా నిజం. అదే ఆమెకు నిద్ర పట్టనివ్వలేదు. రెండెకరాల తోట ఎండిపోతోంది, చేతిలో ఉన్న డబ్బు ఇంకొక్క బోరుకే. అయినా బోరు బండిని పది రోజులు ఆపింది.

తొమ్మిదో రోజు ఆత్మకూరు నుంచి భూగర్భజలాల ప్రాజెక్టులో పనిచేసే అశ్విత అనే అమ్మాయి ఫోటోతో వచ్చింది.

"రాతిలో పగుళ్లు ఎటు పోతన్నాయో పైనుంచి తెలస్తాదవ్వా. ఏ పగులు నమ్మాలో పాత బోర్ల లోతులే చెప్పాల. అవి ఏ ఆఫీసులోనూ లేవు. ఆ పొద్దు మీ చేనికొచ్చిన యేసురత్నం గారే చెప్పినారు."

అశ్విత చూపించిన తూర్పు గట్టున నూట తొంభై అడుగులకే నీళ్లు పడ్డాయి. మాలకొండమ్మ ఆ బురదనీళ్లు దోసిట్లో పట్టుకుని ఏడ్చింది.

తోట తేరుకుంది. తొలి కాపు నిమ్మకాయలు బుట్టకెత్తుకుని ఆమె ఆత్మకూరు బస్సెక్కింది.

"ఇయ్యి ఆయనకమ్మా. ఆ పొద్దు గుక్కెడు నీళ్లు కూడా పొయ్యలా. కాళ్లు పట్టుకున్నా తప్పులేదు."

అశ్విత బుట్ట అందుకోలేదు.

"పోయిన నెల చనిపోయినారవ్వా. ఊపిరితిత్తుల నిండా రాతిపొడి."

"లోతులు కొలిచే మనిషికి రాతిపొడి ఏందమ్మా?"

"ఇరవై ఏళ్లు బోరు బండి మీదే కదవ్వా. ఎండిన బోరు ఒక్కటి కూడా మర్చిపోలేదంట. అప్పుడు మొగమంతా తెల్లపొడి ఉంటే మీరెట్ట గుర్తుపడతారు, మీ చేలో ఆ మూడు బోర్లూ ఏసింది ఆయనే."