ఆకుపచ్చ కుట్టు

“నేను చావలేదు. ఆ ఒక్క ముక్క రాయండయ్యా, చాలు” అంది వన్నా.

నెరి గారు కలం ఆపి తలెత్తారు. ఎదురుగా ఇరవయ్యేళ్ళ పిల్ల. ఒళ్ళంతా బురద. మోచేతులు రెండూ గీరుకుపోయి ఉన్నాయి. వాగు ఒడ్డున పడి ఉంటే కాపలావాళ్ళు పట్టుకొచ్చారట.

మహమ్మారి రోజుల్లో మా కొల్లెమారాలో పరాయివాళ్ళు ఉండడానికి వీల్లేదు. సాయంత్రం గంట కొట్టేలోగా ఈ ఊరి మనిషేనని తేలకపోతే కోట తలుపు బయటికి గెంటేస్తారు. బయట ఏ పల్లెకి పోయినా, కొత్త మొహం కనబడితే రాళ్ళతో కొడుతున్నారు. గెంటెయ్యడమంటే చంపెయ్యడమే.

తను తోళ్ళ సందు పిల్లనని వన్నా అంటోంది. చిక్కల్లా అక్కడే వచ్చింది. తోళ్ళ సందులో ఒక్కరూ మిగల్లేదని మూడు వారాల కింద ఊరి పుస్తకంలో ఎక్కింది. కాపలావాళ్ళు తీసుకొస్తుంటే దారిలో, పక్క వీధిలోని సొంత పిన్ని సైతం వన్నాని చూసి దయ్యమనుకుంది. కిటికీలోంచి దీవించిన నీళ్ళు నెత్తిన కుమ్మరించి తలుపేసుకుంది.

ఊరి పుస్తకం రాసేది నెరి గారే. ఆయనకి తన రాత అంటే ప్రాణం. పొరుగూళ్ళ రాతగాళ్ళలాగా ఆకాశం నుంచి నిప్పులు కురిశాయనీ, పదిమందిలో తొమ్మిదిమంది పోయారనీ నోటికొచ్చింది రాసే రకం కాదు. కళ్ళారా చూసిందో, నలుగురిలో పెద్దమనిషి ప్రమాణం చేసి చెప్పిందో అయితేనే కలం సిరాలో ముంచుతారు. తోళ్ళ సందు సంగతి ఆయన చూడలేదు. అప్పట్లో కాలు విరిగి మంచం మీద ఉన్నారు. పెద్దల సభలో ఉన్న బాల్దో వచ్చి, శిలువ మీద చెయ్యేసి చెబితే రాశారు.

ఆ బాల్దో ఇప్పుడు పక్కనే ఉన్నాడు. జబ్బంతా తోళ్ళ కంపులోంచే పుట్టిందని మొదట గొడవ చేసినవాడు కూడా ఇతనే. వన్నా గదిలోకి రాగానే ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు.

దేశదిమ్మరి పిల్లలా ఉందన్నాడు. చచ్చినవాళ్ళ పేర్లు చెప్పుకుని ఖాళీ ఇళ్ళలో దూరేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారన్నాడు. నెరి గారికీ ఆ అనుమానం లేకపోలేదు. ఏదన్నా రుజువుందా అని అడిగారు.

వన్నాకి చదవడం రాదు. కానీ బల్ల మీది పుస్తకాన్ని చూడగానే గుర్తుపట్టింది.

“ఆ ఆకులన్నీ మా నాన్న గీకి చదును చేసిన మేకతోలేనయ్యా. ఈస్టర్‌కి మీకు తెచ్చిచ్చాడు. అందులో ఒక ఆకుకి కింద మూల చిల్లుంటుంది చూడండి. కత్తి జారి పడింది. నాన్న తిట్టుకుంటుంటే నేనే కుట్టాను. తెల్లదారం అయిపోతే ఆకుపచ్చది వేశాను.”

నెరి గారు ఒక్కో ఆకే తిప్పారు. ఒకచోట ఆగారు. కింద మూల ఆకుపచ్చ దారం. ఆ కుట్టుకి అంటకుండా పక్కకి తప్పించి ఆయన రాసిన వాక్యం తోళ్ళ సందు చావుల గురించే. బతికున్న పిల్లని తన చేత్తో చంపానే అనుకున్నారు.

బాల్దో ముక్కు మీది గుడ్డ తీసేశాడు. గొంతు మెత్తబడింది.

“తోళ్ళ చెక్కో కూతురివా? గుర్తుపట్టలేదు తల్లీ. జబ్బు పడ్డ రోజుల్లో నువ్వు పొరుగూరు వెళ్ళి ఉంటావు. అందుకే బతికావు. అవునను, అయ్యగారు అలాగే రాసేస్తారు. హాయిగా మీ పిన్ని దగ్గరికి పోవచ్చు.”

నెరి గారికి ఆ మాట సబబుగానే తోచింది. పొరుగూరు వెళ్ళిన ఒక్క పిల్ల తప్ప అని చేరిస్తే సరిపోతుంది. అక్షరాలు గీకే చాకు తీశారు. గంట కొట్టేవాడు మెట్లెక్కుతున్న చప్పుడు వినబడుతోంది. అయినా మార్చబోయే మాట సంబంధించినవాళ్ళకి వినిపించనిదే చాకు పెట్టడం ఆయనకి అలవాటు లేదు. పైకి చదివారు.

“పునీత లూకా పండుగనాటికి తోళ్ళ సందులో అందరును మరణించిరి. ఊపిరి తీయు ప్రాణి ఒక్కటియు లేదని రూఢి చేసుకొని, పెద్దలు కన్నీటితో ప్రార్థించి, మరునాడు సందు మొగకు గోడ కట్టించిరి.”

అవునని తలూపబోయిన వన్నా ఆగిపోయింది. మళ్ళీ చదవమంది. ఆయన చదివారు.

గంట కొట్టేస్తారు, త్వరగా అవునను తల్లీ అన్నాడు బాల్దో.

“చెప్పమ్మా. గోడ కట్టిన రోజు నువ్వు ఏ ఊళ్ళో ఉన్నావు?” అని అడిగారు నెరి గారు.

“ఇంట్లోనే ఉన్నానయ్యా” అంది వన్నా. “నేనే కాదు, అందరం ఉన్నాం. మా వాళ్ళలో ఆఖరి మనిషి పోయాక, నిన్న వాగులోకి పోయే తూములోంచి పాక్కుంటూ వచ్చాను. ఊళ్ళో జబ్బు మాకు అంటకుండా అడ్డం కడుతున్నామన్నాడు ఈ బాల్దోయే. సున్నం కలపడానికి మేస్త్రీకి నీళ్ళు చాలకపోతే, గోడ లోపలి నుంచి కడవతో అందించింది మా అమ్మే.”