గీత దాటని మనిషి

వెనక అంబులెన్స్ గొంతు చించుకుంటోంది. కూడలిలో అడ్డంగా వచ్చే బండ్లన్నీ ఆగి దారిచ్చేశాయి. ఎర్రలైటు ముందు, తెల్లగీతకు ఇవతల, మా ఆయన మాత్రం స్టీరింగు పట్టుకుని బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు.

"గీత దాటి పక్కకు తియ్యండి, పాపం వాళ్ళను ముందుకు పోనివ్వండి."

"పైన కెమెరా ఉంది. దాటితే ఫొటో కొడుతుంది."

"కొట్టనివ్వండి. వెనక అంబులెన్స్ కూడా పడుతుందిగా!"

"రోజూ ఇదే ఏడుపు. ఫైను పడ్డవాళ్ళంతా వెనక అంబులెన్స్ ఉంది మహాప్రభో అని మాకు రాస్తారు. అందరూ పుణ్యాత్ములే, దొంగవెధవలు!"

కెమెరా తీసిన ఫొటోలు చూసి, తప్పు నిజమో కాదో తేల్చడం ఈయనగారి ఉద్యోగం. యంత్రం పొరబడినా మనిషి కన్ను పట్టేస్తుందట. ఏ పెళ్ళికెళ్ళినా ఆ గొప్ప చెప్పందే ముద్ద మింగడు.

"వాళ్ళు దొంగలే అనుకుందాం. మన ఫొటో వచ్చేది మీ ఆఫీసుకేగా? చూసి తీసేస్తారు. భయమెందుకు?"

ఆయన పైన కెమెరా వైపే చూస్తున్నాడు. అంబులెన్స్ డ్రైవరు దిగొచ్చి మా అద్దం మీద బాదుతున్నాడు.

"చెప్పండి!"

"చూసేదెవరే?" అన్నాడు గొంతు తగ్గించి. "ఒక్కో ఫొటో తెరిచే ఓపికెవరికుంది? అన్నిటికీ కలిపి తప్పేనని ఓకే నొక్కేస్తాం."

నేను దిగి, అటువైపు వెళ్ళి, ఆయన తలుపు లాగాను.

"జరగండి, నేను తీస్తాను. ఫొటోలో నా మొహమే పడనివ్వండి. ఎలాగూ మీరు చూడరుగా."