ట్యాంకు మీద తెల్లగీత

గిలకలదిండి దాటాక రొయ్యలు ఒలిచిన పొట్టు ఉడకబెట్టే షెడ్డులో నాది సాయంత్రం డ్యూటీ. పెద్ద స్టీలు ట్యాంకులో కాస్టిక్ సోడా నీళ్లు మరుగుతుంటాయి. ఆ వెచ్చదనానికి పిల్లలు హాయిగా నిద్రపోతారని నలుగురు తల్లులం ట్యాంకు కాళ్లకే చీర ఉయ్యాలలు కట్టుకుంటాం.

చీకటి పడ్డాక ట్యాంకు మీద వెంట్రుకంత తెల్లగీత కనిపించింది. గుడ్డతో తుడిచాను. కాసేపటికి మళ్లీ వచ్చింది, ఈసారి జానెడు. లోపల ఎక్కడో టిక్కుమంది.

సూపర్‌వైజర్ మాణిక్యాన్ని పిలిచాను.

"ట్యాంకు పగులుతోందండీ."

"స్టీలమ్మా ఇది. తుప్పేది, చూపించు."

"తుప్పు లేదండీ. పగులుంది, చెమ్మొస్తోంది."

"ఎంతదాకా చదివావేంటి?"

"ఏడు."

"ఎనిమిది పాసయ్యాక చెబుదువుగానిలే."

నవ్వుకుంటూ వెళ్లాడు. నాకు ఒళ్లు మండిపోయింది. చదువు మానేసినంత మాత్రాన కళ్లు కూడా పోతాయా? గుడ్డ పట్టుకుని మళ్లీ వంగాను. గీత మూరెడు అయింది. టిక్కుమనే చప్పుడు మాత్రం ఆగిపోయింది.

బయట ఏదో కదిలింది. కిటికీలోంచి చూశాను. ట్యాంకు వెనక గోడకి ఆనించిన తన కొత్త బండిని మాణిక్యం స్టార్ట్ చెయ్యకుండా, మెల్లగా రోడ్డు మీదికి తోసుకుపోతున్నాడు. మాకు ఒక్క మాట చెప్పలేదు.

మిగతా తల్లులు అవతల దొడ్లో పొట్టు ఆరబోస్తున్నారు. ఉయ్యాలలోంచి నా పాపను లాక్కుని గుండెకి అదుముకుని, గొంతు చిరిగేలా వాళ్లని పిలిచాను.

వెనక్కి తిరిగేసరికి, ఎవరూ ఊపకుండానే, మిగతా మూడు ఉయ్యాలలూ ఊగుతున్నాయి.