రెండో కార్డు

ఇలా దగ్గరికి జరుగమ్మా, గోడకి ఆనుకుని కూర్చో. కాళ్లు చాపుకున్నా ఏమీ అననులే. చెవి మాత్రం ఇటు పెట్టు.

“దాన్ని ఇవాళే మూసేయించు. రేపు దాటితే ఏడాది ఫీజు పడిపోతుంది,” అన్నాడు కండక్టరు.

దాన్ని అంటే, అతని భార్య పేరున ఉన్న క్రెడిట్ కార్డుని. ఆవిడ ఆస్పత్రిలో నర్సు. ఆ పూట సెలవు. వినపడనట్టే, డ్యూటీ చీర మడత తిప్పి ఇస్త్రీ చేసుకుంటోంది.

“నిన్నే! ఏడాదంతా గీకీ గీకీ ఆ పాయింట్లతో ఏం సాధించాం? ఒక ఫ్లాస్కు. కొండని తవ్వి ఎలకని పట్టినట్టు. ఆ ఫీజు పెడితే అలాంటివి బజార్లో అరడజను వస్తాయి.”

“మంచి ఫ్లాస్కండీ అది.”

“మూత బిగుసుకోదు!”

“అదొక్కటేనా? విమానాశ్రయంలో లోపల సోఫాల గదిలో కూర్చోబెట్టి, ఊరికే భోజనం కూడా పెడతారట.”

కండక్టరు నవ్వాడు. “మనమెక్కిన విమానమేదే? నా బస్సు గోతిలో పడి ఎగిరినప్పుడు తప్ప మనం గాల్లోకి లేచిందెప్పుడు?”

ఆవిడకీ తెలుసు ఆ లెక్క. ఎటు తిప్పి వేసినా నష్టమే. కానీ ఆవిడ పట్టుకు వేళ్లాడుతున్నది పాయింట్లని కాదు. ఆ కార్డుకి తోబుట్టువులాంటి రెండో కార్డు ఒకటుంది. ఇంట్లో ఇంకొకరికి ఇచ్చుకోవచ్చని బ్యాంకు వాళ్లే ఇచ్చారు. దాన్ని ఆవిడ కూతురి పేరున తీసుకుని, మొగుడికి తెలియకుండా, కూతురి స్నేహితురాలి చేత పంపించింది. నచ్చినవాణ్ణి కట్టుకున్నందుకు తండ్రి ‘నా గడప తొక్కకు’ అన్నాడు. ఆ పిల్ల తొక్కలేదు. ఫోను కూడా ఎత్తదు.

ఎత్తకపోతేనేం, ఆ కార్డు ఎక్కడ గీకినా తల్లి ఫోనుకి కబురొస్తుంది కదా! పాల కొట్టు అని వస్తే పిల్ల తిన్నదనుకునేది. మందుల షాపని వస్తే ఆ పూట ముద్ద దిగేది కాదు. మర్నాడు పళ్ల దుకాణమని వస్తే, అమ్మయ్య, తగ్గిందన్నమాట. మొన్న పసిపిల్లల బట్టల కొట్టు అని వచ్చింది. పిల్లకి నెలలు నిండుతున్నాయన్నమాట, అనుకుంది వార్డులో. కూతురి గురించి ఆవిడకి తెలిసినదంతా అంతే. కార్డు మూస్తే ఆ కాస్తా మూసుకుపోతుంది.

“నా జీతంలోంచి కట్టుకుంటానండీ ఆ ఫీజు. మీకెందుకు?”

“నీ జీతం గాల్లోంచి ఊడిపడుతోందా? టికెట్టు కొని బస్సు వెనకాల పరిగెత్తినట్టుంది నీ వరస. ఫోను చెయ్యి.”

తనే నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, ఫోను ఆవిడ ముందుంచాడు. అవతల ఒక అమ్మాయి తియ్యగా పలికింది. నర్సు ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, కార్డు మూసేయాలని చెప్పింది.

“తప్పకుండా మేడమ్. కానీ ఇది మూసేస్తే, దీని మీద ఇచ్చిన రెండో కార్డు కూడా పనిచేయదు. సరేనా మేడమ్?”

గదిలో పిడుగు పడినట్టయింది. ఆవిడ మొగుడి వైపు చూసింది. ఇక దాచి లాభం లేదు.

“అవునండీ, ఉంది. మన పిల్ల దగ్గరుంది. నేనే ఇచ్చాను. అరుస్తారో, కొడతారో మీ ఇష్టం. దానికి నెలలు నిండుతున్నాయి. ఈ కార్డు మాత్రం మూయించకండి.”

కండక్టరు అరవలేదు. చొక్కా లోపలి జేబులో చెయ్యి పెట్టి, ఒక కార్డు తీసి ఇస్త్రీ బల్ల మీద పెట్టాడు. దాని మీద కూతురి పేరుంది.

“మీ దగ్గరకెలా వచ్చింది?”

“పంపిన మర్నాడే తిప్పి పంపేసింది. నువ్వు డ్యూటీలో ఉన్నావని దాని స్నేహితురాలు డిపోకి తెచ్చి నా చేతిలో పెట్టింది. ‘మీ సొమ్మేదీ నాకొద్దు’ అందట. పొగరు! నా పోలికే.”

“మరి ఆ పాలు? ఆ మందులు?”

అతను గోడకేసి చూశాడు. కొందరు మగవాళ్లకి, మంచి పని చేస్తూ దొరికిపోవడమంటే దొంగతనంలో దొరికినంత సిగ్గు.

“నా బస్సు ఆఖరి స్టాపు దాని వీధి మొదట్లోనే కదా. ఏం కావాలో ఆ స్నేహితురాల్ని అడిగి, ఈ కార్డు గీకి కొనేసి, సంచి గుమ్మంలో పెట్టి, బెల్లు కొట్టి వచ్చేసేవాణ్ణి. అదే వాడుకుంటోందనుకుని నువ్వు కాస్త స్థిమితంగా ఉంటున్నావు. ఆ కార్డు నీకు తిరిగిస్తే ఏమైపోయేదానివి?”

ఆవిడ ఆ కార్డుని అరచేత్తో తుడిచింది. దాని మీద దుమ్మేమీ లేదు. ఫోనులో అమ్మాయి ఇంకా అక్కడే ఉంది. “మేడమ్, లైన్లో ఉన్నారా? మూసేయమంటారా?”

“వద్దమ్మా, వద్దు!” అని, మొగుడి వైపు తిరిగింది. “ఫీజు ఎంతైనా కానివ్వండి. మూసేస్తే రేపటి నుంచి నాకు దాని కబురెలా తెలుస్తుంది?”

“అడిగి తెలుసుకో. నిన్న బెల్లు కొట్టేలోపే తలుపు తీసింది. మన గడప తొక్కమని నేనే అడిగాను. అల్లుణ్ణి తీసుకుని ఇవాళ మధ్యాహ్నం భోజనానికి వస్తోంది. ఎసట్లో నాలుగు గుప్పెళ్లు ఎక్కువ పొయ్యి.”

ఇదమ్మా సంగతి. మరిచిపోకు. కార్డు ఫీజు కట్టాలా వద్దా అని ఎవరైనా తల పట్టుకుంటే, లెక్కలు వాళ్లనే వేసుకోమని, నువ్వు ఇది చెప్పు.