పంపు ఇంజనులో చప్పుడు

“ఆపు. మళ్లీ వస్తోంది.”

బావమరిది స్విచ్ నొక్కాడు. పంపు ఇంజను రెండుసార్లు ఊగి ఆగిపోయింది.

“ఏం వస్తోంది బావా?”

“టిక్ టిక్‌మని. పైనుంచి. నీకు వినపడటం లేదూ?”

“లేదు.”

“నీకు వినపడకపోతే లేనట్టేనా? మూత విప్పు.”

మూత విప్పడం అది ఆరోసారి.

ఆ రిపేరు షెడ్డు మేస్త్రిదీ, అతని బావమరిదిదీ. ఇరవై రెండేళ్లుగా కలిసి నడుపుతున్నారు. మేస్త్రి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని రోగం చెప్పేవాడు. అందుకే అందరూ అతన్ని ‘డాక్టరు’ అనేవారు. అతను చెప్పినచోట బావమరిది విప్పేవాడు. చెవి ఒకరిది, చెయ్యి ఒకరిది. ఇన్నేళ్లలో వాళ్లకు మూడో మనిషి అవసరం రాలేదు.

ఈ ఇంజనును సోమవారం మొక్కల నర్సరీ ఆవిడ తెచ్చింది. పొలమారినట్టు దగ్గుతోందనీ, నల్లపొగ కక్కుతోందనీ, నీళ్లు ఎక్కడం లేదనీ చెప్పింది. విప్పి చూస్తే ఎయిర్ ఫిల్టరు నిండా మట్టి, కార్బురేటరు అడుగున నీళ్లు, సన్నటి రంధ్రానికి అడ్డంగా తుప్పు. అన్నీ శుభ్రం చేసి, కొత్త ప్లగ్గు వేసి, గొట్టాన్ని తొట్టిలో ముంచి స్టార్ట్ చేశారు. నీళ్లు గోడ దాటి పక్కింటివాళ్లు ఆరేసిన బట్టల మీద పడ్డాయి. పక్కింటావిడ తిట్లు విని బావమరిది పడీపడీ నవ్వాడు.

“పాసైపోయింది బావా!”

మేస్త్రి నవ్వలేదు. “ఉండు. లోపల ఏదో కొట్టుకుంటోంది” అన్నాడు.

మంగళవారం వాల్వుల సందులు సరిచేశారు. చప్పుడు పోలేదన్నాడు మేస్త్రి. ఇంజను పొట్ట విప్పి, లోపల పిస్టన్‌ను తిప్పే రాడ్డు చూశారు. వెంట్రుకంత గీత కూడా లేదు. మళ్లీ బిగించారు. పోలేదన్నాడు.

బుధవారం పొద్దున్నే నర్సరీ ఆవిడ వచ్చింది.

“మేస్త్రీ గారూ, నా నారంతా వాడిపోతోంది. బకెట్లతో ఎన్నని తడపను? నీళ్లు పోస్తోందిగా, ఇచ్చెయ్యండి.”

“లోపల ఏదో విరగబోతోందమ్మా. ఇవాళ ఇస్తే రేపు ముక్కలై వస్తుంది.”

“నాకేం వినిపించట్లేదండీ.”

“మొక్కకు తెగులొస్తే మీరు చెప్పాలి, ఇంజనుకొస్తే నేను చెప్పాలి.”

ఆవిడ బావమరిది వైపు చూసింది. అతను నేల చూపులు చూశాడు.

“సాయంత్రం దాకా చూస్తాను. ఆపైన ఎలా ఉన్నా పట్టుకుపోతాను” అనేసి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం భోజనం తెచ్చిన అక్క, తమ్ముణ్ణి పక్కకు పిలిచింది.

“ఏమైందిరా మీ బావకి? రెండు రాత్రులుగా కంటిమీద కునుకు లేదు. ఆ ఇంజనే చెవుల్లో మోగుతోందంటాడు.”

“మొండితనం అక్కా. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.”

అన్నం తిన్నాక ఏడోసారి విప్పి, బిగించి స్టార్ట్ చేశారు. మేస్త్రి రెండు క్షణాలు కూడా వినలేదు. చేతిలో పానాను నేలకేసి కొట్టాడు.

“ఉంది! ఇంకా ఉంది! నువ్వే ఎక్కడో సరిగ్గా బిగించలేదు.”

“నేనా?”

“ఇంకెవరు? నీ ధ్యాస పనిమీద లేదు.”

“ఇరవై రెండేళ్లలో నేను బిగించిన నట్టు ఒక్కటైనా ఊడిందా బావా?”

“ఇప్పుడు ఊడింది.”

బావమరిది ముఖం పాలిపోయింది. వాళ్ల మధ్య తగాదాలు లేకపోలేదు. కానీ పనితనాన్ని తప్పుపట్టే మాట ఎప్పుడూ రాలేదు.

“నువ్వే విను. వినపడేదాకా వింటూ ఉండు. నావల్ల కాదు!” అంటూ మేస్త్రి లోపలి గదిలోకి వెళ్లి, తలుపు ధడాలున వేసుకున్నాడు.

బావమరిది మొదటిసారి మేస్త్రి స్క్రూడ్రైవరు తీసుకుని పిడి చెవికి ఆనించుకున్నాడు. పైన విన్నాడు. కింద విన్నాడు. నాలుగు పక్కలా విన్నాడు. తేనెపట్టు దగ్గర నిలబడినట్టు ఒకే ఝుంకారం. ఎక్కడా తాళం తప్పలేదు.

అప్పుడు అతనికి అంతా అర్థమైనట్టనిపించింది. బావ తనను వదిలించుకోవాలనుకుంటున్నాడు. నోరు తెరిచి పొమ్మనలేక, పొగపెడుతున్నాడు. లేని రోగం ఇంజనుకు అంటగట్టి, దాన్ని తన చేతులమీదికి తోస్తున్నాడు.

అతను గోళ్ల సందుల్లోని నలుపు పోయేదాకా సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. తన పానాలు ఒక్కొక్కటే ఏరి సంచిలో వేసుకున్నాడు. వెళ్లొస్తానని చెప్పకుండా పోవడానికి మనసొప్పలేదు. సంచి భుజాన వేసుకుని తలుపు తోశాడు.

మేస్త్రి గోడవైపు తిరిగి స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. రెండు అరచేతులూ చెవులకు గట్టిగా నొక్కిపెట్టుకున్నాడు. వెలుగు పడేసరికి వెనక్కి తిరిగాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. చేతులు మాత్రం తియ్యలేదు.

“ఇప్పుడైనా వినపడిందా? టిక్ టిక్ టిక్... చెవులు మూసుకున్నా వదలడం లేదురా. నీకు దణ్ణం పెడతాను, ఆపరా దాన్ని!”

బావమరిది భుజం మీది సంచి జారి నేలమీద పడింది.

ఇంజను ఆపేసి అప్పటికి పావుగంటైంది.